బేసు తీగకు తళుకెందుకు?

మన బజార్లో రెండు రకాల సరుకులకు గిరాకీ ఎక్కువ. ఒకటి మెరిసేది, రెండోది మోగేది. మెరుస్తూ మోగేదైతే ఇక బేరం కూడా ఆడం. అడిగినంతా ఇచ్చి, సంచిలో వేసుకుని, గర్వంగా ఇంటికొస్తాం. బేసు గిటారుకు తీగలు కొనే కుర్రాళ్లను చూస్తే ఈ సంగతి మరీ తేటతెల్లమవుతుంది.

"నవలలు రాసుకునే మనిషివి, బీయే చదివినదానివి, నీకీ గిటారు తీగల గొడవేమిటమ్మా?" అంటారు మీరు. అనండి. కూర వండనివాడికి ఉప్పెక్కువైన సంగతి తెలియదా? నేను మాటలమ్ముకుని బతికేదాన్ని. పాట వింటే నాకు ముందు కావలసింది అందులోని మాట. ఆ మాట మీద పడి దాన్ని తొక్కేసే చప్పుడేదైనా నాకు పడదు. ఆ చప్పుడు ఎక్కడినుంచి వస్తోందా అని వెతుక్కుంటూ పోతే నాలుగు ఇనప తీగల దగ్గర తేలాను. అంతే కథ.

మాది తుగ్గలి వైపు. కర్నూలు జిల్లా పడమటి కొసన, డోన్ నుంచి గుంతకల్లు పోయే రైలుదారిలో చిన్న స్టేషను. తొలకరి చినుకు పడిందంటే చాలు, తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాలు ఏరడానికి ఎక్కడెక్కడి జనమో వచ్చి వాలతారు. వానలు ఎగ్గొట్టిన ఏడు మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు మూటాముల్లే సర్దుకుని పోయే ఊళ్లూ ఇవే. ఇలాంటి చోట బేసు గిటారేమిటని ఆశ్చర్యపోకండి. ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ చుట్టుపక్కల పెళ్లిళ్లకూ జాతరలకూ పాటకచేరీ లేకుండా జరగదు. క్రిస్మస్ వస్తే చర్చిల్లో పాటల జట్లు సరేసరి. మా అన్న కొడుకు ఒకడు అలాంటి కచేరీ జట్టులో బేసు వాయిస్తాడు. ఈ పోట్లాటలో సగం వాడి పక్షాన చేస్తున్నదే.

ఎందుకంటే ఈ మధ్య చాలా జట్లలో ఒక కొత్త లెక్క మొదలైంది. "బేసు వాయించడానికి వేరే మనిషెందుకు? కీబోర్డు వాడే ఎడంచేత్తో నాలుగు మీటలు నొక్కేస్తాడు. ఒక మనిషి కూలి మిగులుతుంది కదా!" అని. ఎవరి పొట్ట కొట్టాలో తేల్చడానికి మనవాళ్లకు ఎక్కువసేపు పట్టదు. వేదిక మీద అందరికన్నా వెనకాల ఎవడు నిలబడతాడో వాడి పొట్టే. పైగా దానికి తోడు ఒక సాకు కూడా: "ఆ బేసు గిటారు ఒట్టి గణగణమంటుంది, పాటకు అడ్డం" అని. గణగణమన్నమాట నిజమే. కానీ ఆ గణగణ వాయించేవాడిదీ కాదు, వాద్యానిదీ కాదు, తీగలది. మనిషిని తీసేయడానికి బదులు తీగలు తీసేయండి మహాప్రభో అని నా మొర.

సంగతి కాస్త వివరంగా చెబుతాను. బేసు గిటారుకు మామూలుగా నాలుగు తీగలు. వాటిని ఇ, ఎ, డి, జి అనే స్వరాలకు శ్రుతి చేస్తారు. అన్నిటికన్నా లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు ఊగుతుంది. తర్వాతవి 55, 73, 98 సార్లు. మనిషి గొంతు మామూలుగా పాడే చోటుకన్నా లోతు అది. పాటకు అది పునాది గోడ. లేకపోతే ఎమ్మిగనూరు మగ్గం భాషలో చెప్పుకుందాం. 1938లో మాచాని సోమప్పగారు చేనేతవాళ్లకు సహకార సంఘం పెట్టిన ఊరు అది; అక్కడ పసిపిల్లకు కూడా పడుగంటే ఏమిటో, పేకంటే ఏమిటో తెలుసు. చీర కొనేవాళ్లు అంచు చూస్తారు, కొంగు చూస్తారు, బుటా చూస్తారు. పడుగును ఎవరూ చూడరు. పడుగు తెగిందా, మగ్గమే ఆగిపోతుంది. బేసు వాయించేవాడు పాటకు పడుగు.

ఇప్పుడు తీగల సంగతి. లావు తీగ ఏదైనా ఒంటి తీగ కాదు. మధ్యలో ఒక గట్టి ఉక్కు తీగ ఉంటుంది, దాని చుట్టూ మరో తీగ దగ్గరదగ్గరగా చుట్టి ఉంటుంది. ఆ చుట్టే తీగ గుండ్రంగా ఉంటే దాన్ని రౌండ్‌వౌండ్ అంటారు. పైన వేలు పెడితే సన్నని గాళ్లు గాళ్లుగా తగులుతుంది, ఆకురాయి మీద చెయ్యి పెట్టినట్టు. అలా కాకుండా రిబ్బనులాగా చదునుగా సాగదీసిన తీగను చుడితే అది ఫ్లాట్‌వౌండ్. దాని మీద వేలు పెడితే నున్నగా, అరగదీసిన గంధపుచెక్కలాగా జారుతుంది. తేడా ఇంతే. కానీ ఈ ఇంతలోనే ఎంతో ఉంది.

గాళ్ల తీగ కొత్తలో పియానోలాగా ఖంగుమంటుంది. దుకాణంలో కొట్టి చూపిస్తే కుర్రాడి కళ్లు మిలమిల్లాడతాయి. ఇంటికి తెచ్చి జట్టులో కూర్చున్నాక తెలుస్తుంది బాగోతం. వేలు కదిపినప్పుడల్లా కీచుమంటుంది. తీగ మెట్టుకు తగిలినప్పుడల్లా ఠంగుమంటుంది. ఈ కీచులూ ఠంగులూ లోతు స్వరాలు కావు, పై స్థాయిలో పుట్టే చప్పుళ్లు. మన మాటలో హల్లులు తేటగా వినపడడానికి ముఖ్యమైన చోటు సుమారు 2000 నుంచి 4000 హెర్ట్జుల మధ్య ఉంటుంది. సరిగ్గా అక్కడికే వచ్చి కూర్చుంటుంది ఈ ఇనప గోల. తెలుగు పాటలో అచ్చు సాగుతుంది, హల్లు అర్థం చెబుతుంది. హల్లు పోతే ఇక మిగిలేది ఆఆలూ ఈఈలే. పాట రాసినవాడు రాత్రంతా మేలుకుని పట్టుకొచ్చిన మాటను ఒక తీగ కీచుదనం మింగేస్తే చూస్తూ ఊరుకోవాలా? నేనూరుకోను.

నున్నటి తీగ అలా చేయదు. "గుమ్" అని పుడుతుంది, కాసేపు నిండుగా ఉంటుంది, పక్కకు తప్పుకుంటుంది. ఇంటికొచ్చిన పెద్దమనిషిలాగా తనకు చెప్పవలసింది చెప్పి చోటిస్తుంది. పాడేవాళ్ల మాట ఆ చోటులోంచి తేటగా వస్తుంది.

ఈ మాట అంటే మా వాడి స్నేహితులు నా మీదికి లేచారు. "ఏమత్తా, అవి ముసిలోళ్లేసుకునే తీగలంట గదా!" అని ఒకడు. "మనం పాతకాలంలో ఉండామా?" అని ఇంకొకడు. సరే, ముసలితనం సంగతే తేలుద్దాం.

అమెరికాలో లియో ఫెండర్ అనే ఆయన ప్రెసిషన్ బేసును బజార్లోకి తెచ్చింది 1951లో. ఆ తొలినాళ్లలో దానికి వేసినవన్నీ నున్నటి చుట్టు తీగలే. అంతకుముందు మనిషెత్తు పెద్ద బేసును నిలబెట్టి వాయించేవారు, దాని గుమ్మటం నాదమే అందరి చెవుల్లోనూ ఉంది. గాళ్ల తీగలు బేసుకు ఊపందుకున్నది 1960ల రెండో సగంలో, ఇంగ్లండులో. "ద హూ" జట్టులో బేసు వాయించే జాన్ ఎంట్విజిల్ కోసం రోటోసౌండ్ కంపెనీ అలాంటి తీగలు తయారుచేసింది. ఆయనకు కావలసింది గిటారును మించి గర్జించే బేసు. ఆయన సంగీతానికి అది సరిపోయింది, కాదనను. అంతమాత్రాన ప్రతి పెళ్లిపందిట్లోనూ గర్జించాలా?

అదే రోజుల్లో డెట్రాయిట్ నగరంలో మోటౌన్ రికార్డుల కంపెనీలో జేమ్స్ జేమర్సన్ అని ఒకాయన ఉండేవాడు. 1936లో పుట్టి 1983లో పోయాడు. ఆయన చేతిలో 1962 నాటి ప్రెసిషన్ బేసు, దాని మీద లా బెల్లా కంపెనీ లావుపాటి నున్నటి తీగలు. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు. తీగ తెగితే తప్ప మార్చేవాడు కాదని ప్రసిద్ధి. ప్రపంచమంతా చిందులేసిన ఎన్నో పాటల కింద ఉన్నది ఆ మాయని పాత తీగలే. బీటిల్స్‌లో పాల్ మెకార్ట్‌నీ వాయించినదీ నున్నటి తీగల మీదే. వీళ్లు ఆ పాటలు వాయించేనాటికి ఇరవైల్లో ఉన్న కుర్రాళ్లు! ముసలివాళ్ల తీగలంట!

జేమర్సన్ గురించి ఇంకొక్క మాట చెప్పి ముందుకు పోతాను. ఏళ్ల తరబడి మోటౌన్ రికార్డు అట్టల మీద పాడినవాళ్ల పేరే ఉండేది, వాయించినవాళ్ల పేర్లు వేసేవారు కాదు. 1971లో మార్విన్ గే పాడిన "వాట్స్ గోయింగ్ ఆన్" వచ్చినప్పుడు గానీ ఆ వాయిద్యగాళ్ల పేర్లు అట్ట మీదికెక్కలేదు. నాకు ఇది చదివినప్పుడు మన వంటిళ్లు గుర్తొచ్చాయి. పప్పులో ఉప్పు సరిగ్గా పడ్డన్నాళ్లూ ఎవరూ ఏమీ అనరు. తగ్గిన రోజున మాత్రం వండినామె పేరు పెట్టి మరీ పిలుస్తారు. బేసు వాయించేవాడి బతుకూ అంతే. సరిగ్గా వాయిస్తే "వాడేం చేస్తున్నాడు, ఊరికే నిలబడ్డాడు" అంటారు. ఆ మాట పడలేకే పాపం కుర్రాళ్లు ఖంగుమనే తీగలకు ఎగబడేది. "మేమూ ఉన్నాం" అని చెప్పుకోవాలని. వాళ్ల బాధ నాకు తెలియక కాదు. కానీ ఉన్నామని చెప్పుకోవడానికి అరిస్తే, "అరుస్తున్నాడు" అని బయటికి పంపుతారు. అందుకే తీగ మార్చమంటున్నాను, జట్టు పెద్దలను చెవి మార్చుకోమంటున్నాను. రెండూ జరగాలి.

ఇదంతా దొరల సంగతి, మనకెందుకంటారా? మనదే చూడండి. మృదంగానికి ఎడమ మూత మీద తడిపిన రవ్వ ముద్ద ఎందుకు అంటిస్తారు? నాదం కిందికి దిగాలని, గుంభనగా ఉండాలని. అది పెట్టకుండా వాయించి చూడమనండి, ఒట్టి డొల్ల మోత. వీణ వాయించేవారు పక్కన నూనె తడిపిన దూది ఎందుకు పెట్టుకుంటారు? వేలు జారాలని, గమకం పలికేటప్పుడు తీగ గీరుకోకూడదని. వయొలిన్‌లో మంద్ర తీగలకు చుట్టేది నున్నటి రిబ్బను చుట్టే. పందొమ్మిదో శతాబ్దంలో బాలుస్వామి దీక్షితులవారు ఆ వాద్యాన్ని మన సంగీతంలోకి తెచ్చారు. మన ద్వారం వెంకటస్వామినాయుడుగారి చేతిలో అది మనింటి పిల్లే అయిపోయింది. పాలకొల్లు కుర్రాడు శ్రీనివాస్ మాండలిన్ పట్టుకుంటే ఏం చేశాడు? జంట తీగలు మన గమకానికి పనికిరావని ఒంటి తీగలు వేసుకుని, ఐదు తీగల వాద్యం చేసుకున్నాడు. పరాయి వాద్యం వచ్చినప్పుడు మన పెద్దలు ముందు దాని తీగలు చూశారు. మన చెవికీ మన పాటకూ ఏది కుదురుతుందో అది వేశారు. దుకాణంవాడు ఏది వేలాడదీశాడో అది తెచ్చుకోలేదు.

సినిమా పాటల్లోనూ అంతే. 1989లో వచ్చిన "గీతాంజలి" పాటలు ఇంకోసారి వినండి, ఈసారి గొంతు వదిలేసి అడుగున నడిచే బేసును పట్టుకుని వినండి. ఇళయరాజాగారు బేసుకు వేరే ఒక పాటే రాసినట్టుంటుంది. అంత నడిచినా పైన ఒక్క మాటకు మరక అంటదు. అదీ మర్యాదంటే.

ఇక డబ్బు లెక్క. అసలు గొడవంతా అక్కడే కదా! నున్నటి తీగల జత ధర ఎక్కువే. మామూలు గాళ్ల తీగలకు రెండింతలు పెట్టవలసి రావచ్చు, మంచి కంపెనీవైతే ఇంకా పైన. "అంత డబ్బు పోసి ముసిలి తీగలా?" అని ఒక నగరంలో ఒక దుకాణదారుడు మా వాడి ముందే నన్ను చూసి నవ్వాడు. నవ్వనీయండి. ఆయన వ్యాపారం ఆయనది. మూడునెలలకొకసారి వచ్చి కొనేవాడే ఆయనకు దేవుడు.

గాళ్ల తీగకున్న ప్రతి సందులోనూ చేతి చెమట చేరుతుంది, దుమ్ము చేరుతుంది. మా వైపు ఎండలూ మా వైపు దుమ్మూ మీకు తెలియనివి కావు. ఒక్క జాతర వాయిస్తే చాలు. వారాలు తిరగకముందే ఖంగుమనే తీగ కాస్తా మూగబోతుంది. కొందరు వాటిని విప్పి నీళ్లలో ఉడకబెట్టి మళ్లీ వేస్తారు, చారు తిరగమోత వేసినట్టు. నాలుగు రోజులు బతుకుతాయి, మళ్లీ మామూలే. నున్నటి తీగకు సందులు తక్కువ, పట్టే మురికీ తక్కువ. పైగా మొదటి ఖంగు పోయాకే దాని అసలు రుచి వస్తుంది, ఊరగాయలాగా. ఏళ్ల తరబడి ఉంటుంది. అంతేకాదు, గాళ్ల తీగ ఆకురాయిలాగా మెట్లను అరగదీస్తుంది. మెట్లు అరిగితే కొత్తవి వేయించడానికి బెంగుళూరో హైదరాబాదో మోయాలి, కూలీ రైలుచార్జీ కలుపుకుంటే తలప్రాణం తోకకొస్తుంది. ఇప్పుడు లెక్క వేయండి, ఏది చవకో.

మా ఊళ్లో తొలకరికి వజ్రాలేరే జనానికి ఒక నేర్పుంది. ఎండకు తళుక్కుమన్న రాయినల్లా ఒళ్లో వేసుకోరు. తీసి, తుడిచి, తిప్పి చూసి, పనికిరానిదైతే అక్కడే పారేస్తారు. పొలంలో ఉన్న ఆ తెలివి దుకాణంలో ఎందుకుండదో!

ఎదుటివాళ్ల మాటలోనూ న్యాయమున్న చోట ఒప్పుకోవాలి. బొటనవేలితో తీగను కొట్టి, చూపుడువేలితో లాగి వదిలే స్లాప్ వాయింపు ఒకటుంది. దానికి గాళ్ల తీగలే కావాలి, నున్నటివి అక్కడ చప్పబడతాయి. గర్జించే రాక్ సంగీతం వాయించేవాళ్లకూ అంతే. వాళ్ల జోలికి నేను పోను. ఇంకో మాట కూడా అంటారు: "మన మైకుసెట్టు హారన్లలో ఆ లోతు నాదం వినపడదు, గాళ్ల తీగైతే కనీసం టకటకైనా వినపడుతుంది" అని. వినపడకపోవడం నిజం. సెకనుకు 41 ఊపులను పలికించడం హారను వల్ల కాదు. కానీ చెముడున్నవాడి ఇంట్లో అందరూ కేకలు వేసుకుంటూ బతకాలా? బేసును హారన్లకు పంపకండి, దానికి వేరే పెట్టె పెట్టండి. ఆ పెట్టె మీద కిందిస్థాయి మరను తెగ తిప్పేయకుండా మధ్యస్థాయి మర కాస్త పెంచండి. వేళ్లను బ్రిడ్జి వైపు రెండంగుళాలు జరిపి మీటండి. నున్నటి తీగ కూడా పలుకు విప్పి మాట్లాడుతుంది.

కొందామనుకునేవారికి నాలుగు మాటలు. ముందు మీ గిటారు పొడుగు చూసుకోండి. నట్టు నుంచి బ్రిడ్జి దాకా తీగ పలికే పొడుగు మామూలుగా 34 అంగుళాలు, పొట్టివాటికి 30. తీగ చివర్లో రంగు దారం చుట్టి ఉంటుంది. ఆ దారం నట్టు దాటాక, బిరడా వైపు మొదలవ్వాలి. నట్టు మీదికి దారం వచ్చిందంటే ఆ తీగ మీ గిటారుకు పొట్టిది. తర్వాత లావు. పొట్లం మీద 45 నుంచి 105 అని ఉంటే సన్నతీగ అంగుళంలో వెయ్యోవంతులు 45, లావుతీగ 105 అని. ఒకే లావులో కూడా నున్నటి తీగలు సాధారణంగా కాస్త బిగువుగా ఉంటాయి. జేమర్సన్ వాడినవి 52 నుంచి 110. ఆయన వేళ్లు వేరు, మన వేళ్లు వేరు. పేరు చూసి అవే తెచ్చుకుంటే మెడకూ బాధే, వేళ్లకూ బాధే. 45తో మొదలయ్యేవి చాలు. బిగువు తక్కువ కావాలనుకునేవారికి వియన్నాలో థోమాస్టిక్ కంపెనీవాళ్లు చేసే మెత్తని రకమూ ఉంది, ధరే మెత్తన కాదు.

కొనడం ఒక ఎత్తు, వేయడం పది ఎత్తులు. ఇక్కడే మన ఊరి పెద్దమనుషుల మీద నా అసలు కోపం. ప్రతి జట్టులోనూ ఒక సర్వజ్ఞుడుంటాడు. కటింగ్ ప్లేయరు చేతపట్టుకుని వస్తాడు. నాలుగు తీగలూ ఒక్కసారి టకటకా కత్తిరించేస్తాడు, కొత్తవాటిని కొలత లేకుండా తెగ్గోస్తాడు, మరలు గిరగిరా తిప్పేస్తాడు. సాయంత్రానికి తీగ తెగితే "సరుకు మంచిది కాదు" అంటాడు. వేల రూపాయల సరుకు, ఒక్క నిమిషం తొందర!

తీగలు ఒకదాని తర్వాత ఒకటి మార్చండి. మెడ మీద బిగువు ఒక్కసారి పోయి ఒక్కసారి వస్తే అది కుదుటపడడానికి మొరాయిస్తుంది. పాత తీగను వదులు చేసి తీయండి, బిగువులో ఉండగా కత్తిరించకండి, కళ్లు పోతాయి. కొత్త తీగ గుండు చివరను బ్రిడ్జిలో తగిలించి, బిరడా దాటి నాలుగైదు అంగుళాలు మిగిలేలా చూసుకోండి. ఇప్పుడు వినండి, ఇది ముఖ్యం: ముందు మడిచి, తర్వాత కత్తిరించాలి. చివర నిటారుగా లంబకోణంలో మడత పెట్టి, ఆ మడతకు అవతల కత్తిరించాలి. మడవకుండా కత్తిరిస్తే చుట్టిన రిబ్బను లోపలి తీగ మీద పట్టు వదిలి, దారపు కండె జారినట్టు జారిపోవచ్చు. ఆ తీగ ఇక చచ్చినట్టే. మడత చివరను బిరడా నడుమ గుంటలో దింపి, రెండు మూడు చుట్లు ఒకదాని కింద ఒకటి కిందికి దిగేలా చుట్టండి. చుట్టేటప్పుడు తీగ మెలి తిరగకూడదు. దారం కట్టిన సన్నని భాగమే బిరడా చుట్టూ తిరగాలి, లావు భాగాన్ని అక్కడ వంచితే విరుగుతుంది. గిటారు వీపు గుండా తీగ దూర్చే ఏర్పాటు ఉన్నా, కంపెనీవారు ఒప్పుకుంటే తప్ప నున్నటి తీగను అలా దూర్చకండి. ఆ వంపు దానికి పడదు. లావు తీగ నట్టు గాడిలో ఇరుక్కుంటే సుత్తితో కొట్టకండి, తెలిసినవాడిచేత గాడిని ఆకురాయితో కాస్త వెడల్పు చేయించండి.

శ్రుతికి మెల్లమెల్లగా తీసుకురండి. నాలుగూ వేశాక ఒక రాత్రి వదిలేయండి. కొత్తకోడలు అత్తారింట్లో సర్దుకోవడానికి కూడా నాలుగు రోజులిస్తాం కదా! మర్నాడు మెడ చూడండి. మొదటి మెట్టు దగ్గరా చివరి మెట్టు దగ్గరా తీగను నొక్కి పట్టుకుంటే ఏడో ఎనిమిదో మెట్టు దగ్గర పోస్టుకార్డు దూరేంత సందు ఉండాలి. అంతకన్నా ఎక్కువుంటే కొత్త బిగువుకు మెడ ముందుకు వంగిందన్నమాట. మెడలో ఉన్న ఇనప కమ్మీని పావు చుట్టు బిగించండి. పావు చుట్టే! ఆగి, మళ్లీ చూడండి. సర్వజ్ఞుణ్ణి ఆ మర దగ్గరికి రానివ్వకండి. చివరగా పన్నెండో మెట్టు దగ్గర తీగను ఊరికే తాకి మీటితే వచ్చే స్వరమూ, నొక్కి మీటితే వచ్చే స్వరమూ ఒకటవ్వాలి. నొక్కింది పై శ్రుతిలో ఉంటే బ్రిడ్జి మీది చిన్న పెట్టెను వెనక్కి జరపాలి, కింది శ్రుతిలో ఉంటే ముందుకు. ఆ తర్వాత వాయించినప్పుడల్లా పొడిగుడ్డతో తుడవడమొక్కటే సేవ. వీణకు నూనె రాస్తామని దీనికీ రాయకండి, దీనికక్కర్లేదు.

ఇంత చేస్తే ఏమొస్తుంది? చప్పట్లు రావు. "బేసు అద్భుతం" అని ఎవరూ అనరు. పెళ్లిపందిట్లో వెనక వరసలో కూర్చున్న ముసలమ్మకు మాత్రం పాటలో ప్రతి మాటా వినపడుతుంది. పక్కనున్న మనవరాలితో "పిల్ల బాగా పాడతాంది" అంటుంది. ఆ పొగడ్తలో సగం వెనకాల నిలబడ్డవాడిదని ఆమెకు తెలియదు. తెలియకపోయినా ఫరవాలేదు.

జట్టు పెట్టినవాళ్లకు మాత్రం తెలియాలి. కచేరీ అయిపోయి డబ్బులు పంచుకునేటప్పుడు కీబోర్డు ఎడంచేతి లెక్క చూపించి మా వాణ్ణి పక్కకు తప్పించకండి. కరపత్రం మీద పాడేవాళ్ల పేర్ల కింద బేసు వాయించేవాడి పేరు కూడా వేయండి, అచ్చుకు ఖర్చేమీ పెరగదు. తీగలకు డబ్బులు చాలవంటారా? పందిట్లో మిణుగురుల్లా మెరిసే ఆ రంగుదీపాల్లో నాలుగు తగ్గించండి, సరిపోతాయి.